సర్కారు అడిగిన వేలు

మా మెట్టినింటి అవ్వకు కుడిచేతి చివరి రెండు వేళ్ళకూ గోళ్ళు లేవు. గోళ్ళే కాదు, గోళ్ళుండే గెణుపులే లేవు. పెండ్లయిన కొత్తలో ఆమె ఆ చేత్తో నా తట్టలో సంగటి ముద్ద పెడితే నాకు గొంతు దిగలేదు. అవ్వ అంటే మా మామను కన్నతల్లి, ఆ ఇంటికి పెద్దదిక్కు. ఎనబైకి దగ్గరపడినా చూపు తగ్గలేదు. నేను దేన్ని చూస్తున్నానో కనిపెట్టేసింది. "తినమ్మే, అంటుకునే రోగం కాదులే ఇది," అంది.

నేను చింతామణి పక్క పిల్లను. మా నాయన నన్ను కన్నడ మిడ్లిస్కూలు దాకా చదివించి, బాగేపల్లి తాలూకాలో కొండల నడుమ ఉన్న ఈ ఊరికి ఇచ్చాడు. కులమూ ఒకటే, ఇలవేల్పూ ఒకటే. కానీ మా పక్క ఆ ఆచారం కథగా మాత్రమే మిగిలింది. ఇక్కడ అది ఇంకా మనుషుల చేతుల మీద కనబడేది.

కథ ఇది. ఒక రాక్షసుడు శివుణ్ణి తరుముకుంటూ వచ్చాడట. శివుడు పరిగెత్తి పరిగెత్తి మా కులపు రైతు ఒకడి చేలో దూరి దాక్కున్నాడు. రాక్షసుడొచ్చి, యాడికి పోయినాడో చెప్పమని రైతును నిలదీశాడు. చెప్తే దేవుడు ఊరుకోడు, చెప్పకపోతే రాక్షసుడు ఊరుకోడు. రైతు నోటితో "నేను చూడలేదప్పా" అంటూనే చిటికెన వేలితో చేను వైపు చూపించాడు. గండం గడిచాక శివుడు బయటికొచ్చి, చూపించిన ఆ వేలు ఇమ్మన్నాడు. అప్పుడు రైతు పెండ్లాము అడ్డమొచ్చి, "వేళ్ళు లేకుంటే ఈయన మేడి ఎట్ల పట్టుకుంటాడు స్వామీ, నావి తీసుకో" అందట. అప్పటినుంచి మా కులంలో మొదటి బిడ్డకు చెవులు కుట్టించేటప్పుడు తల్లి తన వేలి కొసలు దేవుడికి ఇవ్వాలి. గుడి ముందర పలక మీద చెయ్యి పెట్టిస్తే కమ్మరి పని చేసే ఆసారి ఉలి పెట్టి కొట్టేవాడు. తప్పు చేసింది మొగుడు, వేళ్ళు పోయింది పెండ్లానికి. ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

మైసూరు సర్కారు ఆ ఉలిని ఎప్పుడో మాన్పించింది. మా అత్త కాలానికి వేళ్ళకు బంగారు తీగ చుట్టుకుని, గుడిలో దాన్ని లాగి హుండీలో వేయడం వచ్చింది. నేనూ అదే చేయాలి. ఓట్లు వచ్చిన ఏడాదికి నా కూతురు నడక నేర్చి, ఒకటీ అరా మాటలంటోంది. రాగులు ఇంటికి చేరినాక చెవులు కుట్టిస్తామనుకున్నారు. అంతవరకూ తల్లి చెయ్యి దేవుడి సొత్తు, దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు అని అత్త అంటుండేది. ఆ మాటకు అర్థం ఏమిటో నేను అప్పుడు ఆలోచించలేదు.

స్వాతంత్య్రం వచ్చినాక మొదటి ఎలక్షను అది. మా పక్క చునావణ అంటారు. దానికి చాలా ముందే పేర్లు రాసుకునేదానికి ఊరి కరణం పని చూసే శానుబోగు, ఇస్కూలు మేష్ట్రు ఇల్లిల్లూ తిరిగారు. మొగవాళ్ళ పేర్లు సులువుగా వచ్చేశాయి. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఫలానాయన పెండ్లాము, ఫలానా వాడి తల్లి అనేవాళ్ళే గానీ సొంత పేరు చెప్పినవాళ్ళు లేరు. పరాయి మొగవాడికి పేరు చెప్పడమంటే కొంగు అందించడమంత తప్పు. "ఇట్ల రాసుకుంటే పైన కొట్టేస్తారమ్మా," అని మేష్ట్రు మొత్తుకున్నాడు. ఆయన కన్నడం కలిపిన తెలుగు మాట్లాడేవాడు, మంచి మనిషి.

నేను వాకిలి గడప మీద నిలబడి నా పేరు గట్టిగా చెప్పాను. గర్వంగానే చెప్పాను, అందులో దాచేదేముంది. వెనకాల అత్త చేట దడాలున కింద పడేసింది.

మేష్ట్రు మొహం వెలిగిపోయింది. అందరికీ వినబడేటట్టు అన్నాడు, "చూడండమ్మా, బేరే దేశాల్లో ఆడోళ్ళు ఓటు కావాలని వీధిలోకి వచ్చి, జైలుకు కూడా పొయినారు. కొన్ని దేశాల్లో ఇప్పటికీ ఇయ్యలేదు. మనకు అడక్కుండానే ఇచ్చినారు."

అరుగు మీద అనపకాయలు ఒలుచుకుంటున్న అవ్వ తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "అడక్కుండా ఇచ్చేటోళ్ళు అడక్కుండా తీసుకుంటారు గూడా, మేష్ట్రప్పా."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు.

మరుసటి ఏడు రాగులు కోతకొచ్చి, కళ్ళాల్లో రాతిగుండు తోలుతున్న రోజుల్లో ఆ వార్త వచ్చింది. బాగేపల్లి సంతకు పోయినవాళ్ళు మోసుకొచ్చారు. ఓటేసే ప్రతి మనిషికీ ఎడమచేతి చూపుడువేలికి నల్లటి మందు పూస్తారట. కడిగితే పోదట, రుద్దితే పోదట, చర్మంతో పాటు పోవాల్సిందేనట. ఇది వట్టి పుకారు కాదు, నిజమే. మేష్ట్రు కూడా అవునన్నాడు. ఒకే మనిషి రెండుసార్లు ఓటెయ్యకుండా గుర్తు అని విడమరిచి చెప్పాడు.

ఆయన చెప్పింది మా ఊరి ఆడవాళ్ళకు అర్థమయింది. మొద్దులేమీ కాదు వాళ్ళు. కానీ వేలి మీద గుర్తు పెట్టించుకోవడమంటే ఆ వేలు ఇచ్చేసినట్టే అని వాళ్ళు లెక్క వేసుకున్నారు. వేలు ఇవ్వడమంటే ఏమిటో వాళ్ళకు ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు. బిడ్డకు చెవులు కుట్టించని తల్లి, దేవుడి కంటే ముందు సర్కారుకు వేలు ఇస్తే అది ఎంగిలి వేలు, దేవుడు దాన్ని ముట్టడు. ముట్టకపోతే బిడ్డను తీసుకుంటాడు. చెవులు కుట్టించేసిన తల్లి ఒకసారి దేవుడికి ఇచ్చిన చెయ్యిని రెండోసారి ఇంకొకరికి చాచకూడదు. చాస్తే మొదట ఇచ్చింది చెల్లదు. ఎటు తిప్పి చూసినా ఊర్లో ఏ ఆడమనిషీ ఓటుకు పోయేదానికి లేదు.

మా మామకు మాత్రం వాళ్ళు పోవాలి. ఆయన ఆ ఊరికి పెద్దరైతు. ఓట్లు అడిగేదానికి జీపులో వచ్చిన పెద్దమనిషిని నడవలో కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "మా ఊరి ఓట్లు మొగా ఆడా అన్నీ మీకే, నా మాట" అని చెయ్యి మీద చెయ్యి వేశాడు. మాట ఇచ్చేటప్పుడు మమ్మల్ని అడగలేదు, మేమూ అడుగుతాడని ఎదురుచూడలేదు. ఆడవాళ్ళు రామంటున్నారని తెలిసినాక ఇంట్లో అరుపులు మొదలయ్యాయి.

"యేలు ఎవురు అడుగుతాండారమ్మా? రంగు పూసేదే కదా! రవ్వంత!" అని ఒకరోజు వాళ్ళమ్మ మీదే కేకలేశాడు.

అవ్వ కుడిచెయ్యి ఎత్తి ఆయన మొహం ముందర పెట్టింది. "ఆ పొద్దు మీ తాత గూడా ఇదే చెప్పినాడు. రవ్వంతే, కొసే కదా అన్నాడు. నొప్పుండదు అన్నాడు. మంచికే అన్నాడు. మీరు మంచికి అన్నప్పుడల్లా మా యేళ్ళే కావాల."

మామ తువ్వాలు విదిలించుకుని కళ్ళానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు అవ్వ మాట నాకు నచ్చింది. ఆమె భయం మాత్రం నచ్చలేదు. నేను చదువుకున్నదాన్ని, సిరాకు దేవుడికి ఏం సంబంధమని వాదించాను. అవ్వ నన్ను చూసి, "నీకింకా బిడ్డ పోలేదు మ్మే," అంది. ఆ మాటకు ఆమె మీద చాలా కోపం వచ్చింది, లేచి వెళ్ళిపోయాను.

తర్వాత కొన్నాళ్ళకే నా కూతురికి జ్వరం వచ్చింది.

మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. మిరియాల కషాయం పోశాం. రెండోనాటికి పాలు మింగడం మానేసింది. మెడ కింద వాచింది. ఊపిరి తీసుకుంటే లోపల ఏదో గీసుకుంటున్న చప్పుడు. ఆస్పత్రికి తీసుకుపోదామని నా మొగుణ్ణి అడిగాను. ఆయన వాళ్ళ నాయన్ను అడిగాడు. చునావణ దగ్గరికి వచ్చేసింది, బండ్లన్నీ దానికని మాటిచ్చి ఉన్నాము, అయిపోనీ అన్నాడు మామ. అత్త పసుపుగుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది. నా మొగుడు చెడ్డవాడు కాదు. వాళ్ళ నాయన ఎదుట మాత్రం ఆయనకు నాలుక ఉండేది కాదు.

ఇంతలో ఊరు మాట్లాడటం మొదలుపెట్టింది. కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం. నేను నీళ్ళకు పోతే బావి దగ్గర మాటలు ఆగిపోయేవి. నేను కడవ ఎత్తుకుని తిరుక్కోగానే మళ్ళీ మొదలయ్యేవి. "పేరు చెప్పింది కదా సర్కారోళ్ళకు, అబుడే పట్టుకున్నాడు దేవుడు," అన్నారు ఎవరో. ఓటు ఇంకా వెయ్యనే లేదే అని అరవాలనిపించింది. అరవలేదు. ఇంటికొచ్చి బిడ్డ పక్కన కూర్చుంటే, ఆ మాట నా తలలోనే తిరుగుతూ ఉండేది. అంత చదువుకున్నదాన్ని, నా ఎడమచేతి చూపుడువేలును కుడిచేత్తో మూసి పట్టుకుని కూర్చునేదాన్ని.

ఓటు రోజు తెల్లవారింది. మామ ఊర్లోని బండ్లన్నీ మా వాకిట్లో కట్టించాడు. ఆడవాళ్ళకని ఎండుగడ్డి పరిచి, పైన బొంతలు వేసి, ఎద్దుల కొమ్ములకు రంగు కాగితాలు చుట్టించాడు. ఓటు వేసే చోటు బాగేపల్లి దారిలో ఉన్న పెద్ద ఊరి ఇస్కూల్లో. మొగవాళ్ళు నడిచి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళ బండ్లు అట్లే నిలబడిపోయాయి. మామ ఇల్లిల్లూ తిరిగి పిలిచాడు. తలుపులు వేసి ఉన్నాయి, లోపల మనుషులున్నారు. తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డప్పుడు ఆయన మొహం మాడిపోయి ఉంది.

నేను బిడ్డను దుప్పటిలో చుట్టుకుని ఆయన ముందుకు వెళ్ళాను. అంతకు ముందు ఎప్పుడూ నేను ఆయనతో ఎదురుగా మాట్లాడలేదు. "బండి ఇప్పించండి మామా, ఆస్పత్రికి పోవాల. బిడ్డకు ఊపిరి ఆడ్డం లేదు," అన్నాను.

ఆయన ఖాళీ బండ్లవైపు చూశాడు. "దావలోనే కదా ఇస్కూలు. ఓటేస్తానంటే ఎక్కు. మా ఇంటి ఆడదన్నా ఒకతె వచ్చిందని చెప్పుకుంటా."

అవ్వ అరుగు దిగి వచ్చింది. నా కొంగు పట్టుకుంది. "పోవద్దు మ్మే. బిడ్డను ఒళ్ళో పెట్టుకోని యేలు ఇచ్చేదానికి పోతారా ఎవురన్నా? లోపలికి రా. దేవుని ముందర పండబెడదాం." ఆ మొండి వేళ్ళు నా కొంగులో చిక్కుకున్నాయి.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ నా బతుకు ఆ పొద్దు. వేలు ఇస్తే బిడ్డ పోతుందని ఒకరు, వేలు ఇస్తేనే బండి అని ఒకరు. బిడ్డ గొంతులో ఆ గీసుకునే చప్పుడు నా భుజం మీద వినబడుతోంది. నేను అవ్వ చేతిలోంచి కొంగు లాక్కుని బండెక్కాను. నా మొగుడు ఏమీ మాట్లాడకుండా ముందు కూర్చుని ఎద్దులను అదిలించాడు. వీధి పొడుగునా తలుపులు ఒకటొకటిగా కొంచెం తెరుచుకోవడం చూశాను.

ఇస్కూల్లో మొగవాళ్ళ వరస గేటు దాకా ఉంది. ఆడవాళ్ళ పక్కన తాడు కట్టి దావ వదిలారు, అందులో ఒక్క మనిషి లేదు. బల్ల దగ్గర మా ఊరి మేష్ట్రే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తర్వాత భుజం మీద బిడ్డను చూసి, "బేగ బేగ కానీండి, ఈయమ్మ పోవాల," అని పక్కవాళ్ళను తొందరపెట్టాడు. పక్కనున్నాయన పుల్లతో నా వేలికి ఆ మందు పూశాడు. చల్లగా తగిలింది. బిడ్డ తల నా మెడ మీద కాలిపోతోంది. తెర వెనక గుర్తులు అంటించిన పెట్టెలు వరసగా ఉన్నాయి. మామ చెప్పిన పెట్టె ఏదో నాకు తెలుసు. నేను ఏ పెట్టెలో వేశానో మాత్రం ఆ పొద్దు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నా వేలికి నేను తీసుకున్న కూలి అదొక్కటే.

బాగేపల్లిలో డాక్టరు చమ్చాతో బిడ్డ నాలుక అణిచి, టార్చి వేసి గొంతు చూశాడు. చూడగానే ఆయన మొహం మారింది. కన్నడంలో గంటలమారి అన్నాడు. గొంతును పట్టే మారి, తెలుగులో కంఠసర్పి. లోపల తెల్లటి పొర పెరిగి ఊపిరిదారి మూసేస్తుందట. ముందే ఎందుకు తీసుకురాలేదని అడిగాడు. నా మొగుడు తలొంచుకున్నాడు. డాక్టరు సూదిమందు వేసి, తెల్లవారి మొదటి బస్సుకు చిక్కబళ్ళాపురం పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు.

బస్సు రాకముందే నా కూతురు పోయింది. ఆస్పత్రి వరండాలో, నా ఒళ్ళోనే. గీసుకునే చప్పుడు ఆగిపోయింది, అంతే. నిద్రపట్టిందని నేను సంతోషపడ్డాను.

అదే బండిలో, అదే ఎండుగడ్డి మీద వెనక్కి వచ్చాం. ఎద్దుల కొమ్ములకు రంగు కాగితాలు ఇంకా ఉన్నాయి. ఎవరికీ తీసెయ్యాలని తోచలేదు. చేని గట్టున గుంత తవ్వి పూడ్చారు.

పలకరించను వచ్చిన ఆడవాళ్ళు నా మొహం చూడలేదు. నా చెయ్యి చూశారు. వేలి మీద ఆ నల్ల గుర్తు గోటి చుట్టూ ఇంకిపోయి, ఇంకా నల్లగా తేలింది. నేను చెయ్యి కొంగులో దాచుకున్నాను. అత్త నన్ను బావి గట్టుకు తీసుకెళ్ళి చింతపండు, ఇటుకపొడి పెట్టి ఆ వేలిని రక్తం వచ్చేదాకా రుద్దింది. రుద్దుతూ ఏడ్చింది. రక్తం కారిందే గాని గుర్తు పోలేదు. అది పోయేవరకూ పొయ్యి ముట్టుకోవద్దంది. నేను ఏడవలేదు. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలా అన్న ధ్యాసే తప్ప నాకు ఇంకొకటి లేదు.

కొన్నాళ్ళకు పక్కింటి ఆమె కొడుక్కి జ్వరం వచ్చింది. ఆమెది నా వయసే, ఆ పిల్లవాడు నా కూతురితో ఆడుకునేవాడు. వాడికీ మెడ వాచింది. ఆ వెనకే కింది వీధిలో ఇంకో ఇంట్లో. డాక్టరు చెప్పిన జబ్బు పేరు నా మొగుడు అందరికీ చెప్పాడు. ఎవరూ వినలేదు. ఎంగిలి వేలు ఊర్లో తిరుగుతుంటే దేవుడు ఒక్క బిడ్డతో ఆగుతాడా అన్నారు.

ఒకరోజు పొద్దున మా వాకిట్లో ఊరు చేరింది. ముందర పక్కింటి ఆమె, జుట్టు విరబోసుకుని. నాతో కొట్లాడేదానికి రాలేదు. వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. "ఆ యేలు దేవునికి ఇచ్చేయమ్మా. నీ బిడ్డ ఎట్లాగూ పాయె. నా బిడ్డను బతికిచ్చు. ఆసారిని పిలిపిస్తాము. గోరుండేంతే. నీకు పుణ్యముంటాది."

ఆమె పిచ్చిదై అనడం లేదు, తల్లియై అంటోంది. చుట్టూ చూశాను. తప్పమ్మా అని ఎవరైనా అంటారేమోనని చూశాను. అత్త స్తంభానికి ఆనుకుని నిలబడింది. మామ కుర్చీలో కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు. ఓటేస్తేనే బండి అన్న నోరు ఆ పొద్దు తెరుచుకోలేదు. నా మొగుడు ఒక్కడే, "అట్లంతా కుదరదు," అని సన్నగా అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అందులో ఒక ముసలాయన, "అవ్వను పిలవండి. ఎట్ల ఇయ్యాలో ఆయమ్మకే తెలుసు. ఆయమ్మ చెప్పినట్ల చేద్దాం," అన్నాడు. మనుషుల్లోంచి ఒకరు ఆసారి ఇంటివైపు నడిచారు కూడా. పక్కింటి ఆమె పట్టు నా పాదాల మీద బిగుసుకుంది. వేలు ఇచ్చేస్తే ఈ చూపులన్నీ ఆగిపోతాయి కదా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. నిజంగా అనిపించింది.

అవ్వ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. బిడ్డ పోయినప్పటినుంచి ఆమె నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. వద్దన్నా పోయినాను కదా, ఇప్పుడు తీర్పు చెప్తుందనుకున్నాను. ఆమె వచ్చి నా ముందర నిలబడింది, నాకు వీపు పెట్టి, ఊరికి మొహం పెట్టి. కుడిచెయ్యి ఎత్తింది.

"ఇవి ఎవురి కోసరం ఇచ్చినానో మీకు తెలుసునా?" అంది.

మామను చూపించింది. "వీనికి అనుకుంటాండారు అందురూ. వీడూ అట్లే అనుకుంటాండాడు. కాదు. వీనికి ముందర నాకొక కొడుకు. వాని చెవులు కుట్టిచ్చేటబుడు ఇచ్చినా. పలక మీద చెయ్యి పెట్టి పట్టుకున్నారు నలుగురు. నేను అరవలా. బిడ్డకు మంచిది అన్నారు, అందుకే అరవలా. పుండు మానకముందే వాడు పాయె. జ్వరమొచ్చి, ఇట్లే గొంతు మూసుకోని. ఈ కట్టు కట్టుకున్న చేత్తోనే ఎత్తుకుంటి వాణ్ణి."

మామ లేచి నిలబడ్డాడు. "అమ్మా," అన్నాడు.

"నీకేమీ ఇయ్యలేదప్పా. నువ్వు పుట్టేతలికి సర్కారు మాన్పిచ్చేసింది. గోరు గూడా ఇయ్యలేదు నీకు. నువ్వు బతికినావు. గుండురాయి మాదిరి నా ముందర నిలబడుకోని ఉండావు." ఆమె ఎత్తిన చెయ్యి దించింది. "ఇచ్చినోడు పాయె. ఇయ్యనోడు బతికె. ఇంతకాలం ఎవురికీ చెప్పలా. చెప్తే నా యేళ్ళు ఊరికే పొయినట్ల కదా. అందుకని మీ అందుర్నీ బెదిరిస్తా కూసుంటి. ఈ పిల్లను గూడా బెదిరిస్తి."

ఆమె వంగి, నా కాళ్ళ దగ్గరున్న పక్కింటి ఆమెను రెక్క పట్టి లేపింది. "లెయ్యమ్మా. బండి కట్టిచ్చుకోని బిడ్డను ఆసుపత్రికి తీసుకుపో. ఈ పొద్దే, ఇబుడే. రేయ్, కట్టరా బండి!" అని కొడుకు మీద అరిచింది. అంత పెద్దరైతు పరిగెత్తి, తన చేత్తో తానే ఎద్దులను కాడికి కట్టాడు. ఆ పిల్లవాడు బతికాడు. కింది వీధి బిడ్డ బతకలేదు.

వాకిలి ఖాళీ అయినాక అవ్వ నా పక్కన కూలబడింది. కొంగులో దాచుకున్న నా చెయ్యి బయటికి లాగి, ఆ నల్ల వేలిని తన మొండి వేళ్ళ మధ్య పెట్టుకుంది. "ఏడువు మ్మే," అంది. "చెయ్యి దాపెట్టుకునేదానికే సరిపాయె నీకు. బిడ్డ కోసరం ఏడ్సనే లేదు." అప్పుడు ఏడ్చాను. ఆమె ఒళ్ళో తల పెట్టి, ఊరంతా వినబడేటట్టు ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు.

రెండో చునావణ వచ్చేసరికి అవ్వ లేదు. నా ఒళ్ళో కొడుకున్నాడు, చెవులు ఇంకా కుట్టించలేదు. అప్పుడు బండ్లు ఖాళీగా పోలేదు, పక్కింటి ఆమె అందరికంటే ముందు ఎక్కింది. అయినా సగానికి పైగా ఆడవాళ్ళు ఇంటి పట్టునే ఉండిపోయారు. వాళ్ళను నేను తప్పు పట్టను. బల్ల ముందర నేను ఎడమచెయ్యి చాచి మళ్ళీ వెనక్కి లాక్కుంటే, మందు పూసే ఆయన నా మణికట్టు పట్టుకోవలసి వచ్చింది.

అవ్వ చెప్పింది నిజమని నాకు తెలుసు. అది గంటలమారి అనీ, దానికి ఇప్పుడు టీకా ఉందనీ తెలుసు. సిరా సిరాయే అని తెలుసు. ఇన్ని చునావణల్లో నేను ఒక్కటి కూడా తప్పలేదు. నా కొడుక్కి ఇప్పుడు తల నెరిసిపోయింది. ఓటు వేసి ఇంటికొచ్చిన ప్రతిసారీ వాణ్ణి పక్కకు పిలిచి నొసటి మీద చెయ్యి పెట్టి చూస్తాను. "ఏమీ లేదు లేమ్మా, చల్లగా ఉండాది," అంటాడు వాడు. సరే అంటాను. పొద్దు గూకేలోపల మళ్ళీ ఒకసారి చూస్తాను.